వేగ ఉల్లంఘన జరిమానాలు – జీవిత భాగస్వామి ఆదాయం

వేగ పరిమితి దాటి బండి నడిపినవారికి వేసే జరిమానాను నిర్ణయించేటప్పుడు వారి భార్య లేదా భర్త సంపాదనను లెక్కలోకి తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. భారతదేశంలో ఈ తప్పుకు శిక్ష వాహనం రకాన్ని బట్టి, తప్పు ఎన్నోసారి జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నడిపిన మనిషి ఆదాయానికి అందులో దాదాపు చోటు లేదు, కాబట్టి భాగస్వామి ఆదాయానికీ నేరుగా చోటు లేదు. అయినా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చలానా సొమ్ము చాలాసార్లు వెళ్లేది కుటుంబం చేతిలోంచే. బండి ఒకరి పేరున, నడిపేది మరొకరు, కట్టేది ఇంకొకరు కావడం ఇక్కడ మామూలు సంగతి. అందువల్ల జరిమానా మొత్తం తేల్చేటప్పుడు బయటే ఉండిపోయిన భాగస్వామి, యాజమాన్యం, చెల్లింపు, జప్తు అనే మూడు చోట్ల ఈ వ్యవహారంలోకి వస్తారు.

ప్రాంతం, రహదారులు

1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లా నుంచి, నెల్లూరు జిల్లాలోని కొంత భాగాన్ని కలుపుకొని, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. రెండు జిల్లాల మీదుగా చెన్నై, బెంగళూరు, కడప వైపు రహదారులు సాగుతాయి. తిరుమల యాత్రికుల కార్లు, అద్దె జీపులు, ఆర్టీసీ బస్సులు ఒకవైపు, టమాటా, మామిడి, పాలు మోసే లారీలు, ట్యాంకర్లు మరొకవైపు ఇవే రోడ్ల మీద నడుస్తాయి. శేషాచలం, పాలకొండల అంచుల్లోనూ పలమనేరు వైపూ ఘాట్ మలుపులున్నాయి. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో పెళ్లిబృందం బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో చిత్తూరు–బెంగళూరు దారిలోని మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు ఘోర ప్రమాదానికి గురైంది. ఈ మలుపుల్లో వేగం మీద అదుపు ఎంత అవసరమో ఇలాంటి ఘటనలు చూపుతాయి.

వేగం కొలిచే పద్ధతుల్లో తిరుమల ఘాట్ రోడ్లది ప్రత్యేకమైన తీరు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు రెండో రోడ్డు ఎక్కడానికి, మొదటిది దిగడానికి ఉపయోగపడుతున్నాయి. టోల్‌గేటు దగ్గర బండి బయలుదేరిన సమయాన్ని నమోదు చేసి, అవతలి చివర చేరిన సమయంతో పోల్చుతారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా ప్రసిద్ధి. సుమారు 18 కిలోమీటర్ల దారిని 28 నిమిషాల్లో ఎక్కితే సగటు వేగం గంటకు 39 కిలోమీటర్ల దాకా వస్తుంది. దాదాపు 19 కిలోమీటర్లను 40 నిమిషాల్లో దిగితే 29 కిలోమీటర్ల లోపే. అంతకంటే ముందే చేరిన బండి దారిలో ఎక్కడో పరిమితి దాటినట్టే. స్పీడ్ గన్ ఒక్క చోట ఒక్క క్షణం వేగాన్ని పట్టుకుంటే, ఈ పద్ధతి ప్రయాణం మొత్తాన్ని కొలుస్తుంది. రెండింటిలోనూ కొలత బండిదే. నడిపే మనిషి ఎవరు, ఎంత సంపాదిస్తాడు అన్నది కొలతలో తెలియదు.

చట్టం

వేగ పరిమితులకు, శిక్షలకు ఆధారం మోటారు వాహనాల చట్టం, 1988. ఇది 1989 జూలై 1న అమల్లోకి వచ్చి 1939 నాటి చట్టం స్థానాన్ని తీసుకుంది. 112వ సెక్షన్ పరిమితి దాటి నడపడాన్ని, నడిపించడాన్ని నిషేధిస్తుంది. గరిష్ఠ పరిమితులను కేంద్రం ప్రకటిస్తుంది. 2018 ఏప్రిల్ నాటి ప్రకటన ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద గంటకు 120, నాలుగు వరుసల విభజిత రహదారుల మీద 100, పురపాలక హద్దుల్లో 70 కిలోమీటర్లు. సరుకు వాహనాలకు, మోటారు సైకిళ్లకు ఈ అంకెలు ఇంకా తక్కువ. వీటిని స్థానిక అవసరాన్ని బట్టి తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది.

శిక్షను చెప్పేది 183వ సెక్షన్. మొదట్లో తొలి తప్పుకు 400 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1,000 దాకా జరిమానా ఉండేది. కనీస మొత్తం లేదు. 2019 సవరణ ఈ అమరికను మార్చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తేలికపాటి వాహనానికి 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయలు. రెండోసారి పట్టుబడితే లైసెన్సును స్వాధీనం చేసుకొని అనర్హత చర్యకు పంపుతారు. ప్రమాదకరంగా నడిపినట్టు తేలితే 184వ సెక్షన్ కింద ఖైదు కూడా పడవచ్చు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 అక్టోబరులో జరిమానాల పట్టికను సవరించింది. ద్విచక్ర వాహనాల నుంచి ఏడు సీట్ల కార్ల దాకా ఒక వర్గం, మిగిలినవన్నీ ఇంకో వర్గం. మొదటి వర్గానికి అతివేగం చలానా 1,000 రూపాయలు. ఈ వర్గీకరణను చూస్తే ప్రభుత్వం స్థోమతను పూర్తిగా మరిచిపోలేదనిపిస్తుంది. కానీ చూసింది మనిషి స్థోమత కాదు, బండి స్థోమత. అదే వర్గంలో పాత మోపెడ్‌కూ ఖరీదైన కారుకూ ఒకటే మొత్తం.

ఈ మొత్తాల బరువు ఇంటిని బట్టి వేర్వేరుగా పడుతుంది. 2024–25లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన వెయ్యి రూపాయల చలానా మూడు రోజుల కూలి కంటే ఎక్కువ. నెలకు లక్ష రూపాయలు తెచ్చుకునే ఉద్యోగికి అది ఒక్క పూట సంపాదన కూడా కాదు.

మేజిస్ట్రేటు విచక్షణకు హద్దులు

చలానా వచ్చినవారిలో ఎక్కువమంది కోర్టు మెట్లెక్కరు. 200వ సెక్షన్ ప్రకారం నియమిత అధికారికి నిర్ణీత సొమ్ము కట్టేస్తే కేసు అక్కడితో ముగుస్తుంది. దీన్నే కాంపౌండింగ్ అంటారు. ఈ దారిలో ఆదాయం ప్రస్తావనే రాదు. పట్టికలో ఉన్నదే కట్టాలి. కట్టనివారివి, తప్పు ఒప్పుకోనివారివి మేజిస్ట్రేటు ముందుకు వెళ్తాయి. 208వ సెక్షన్ కింద చిన్న కేసుల్లో హాజరు కాకుండానే తప్పు ఒప్పుకొని సొమ్ము పంపే వీలూ ఉంది.

కోర్టులో మేజిస్ట్రేటుకు విచక్షణ ఉన్నా అది ఇరుకైనది. కారు విషయంలో 1,000 నుంచి 2,000 రూపాయల మధ్యే తిరగాలి. రాజ్యాంగం 20(1) అధికరణం ప్రకారం తప్పు జరిగిన నాటి చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ శిక్ష వేయకూడదు. కాబట్టి నడిపిన వ్యక్తి భార్య ఎంత పెద్ద పరిశ్రమ నడిపినా 2,000 దాటి జరిమానా పడదు. భర్త కూలికి వెళ్లేవాడని చెప్పుకున్నా, చట్టం పెట్టిన కనీస మొత్తం కంటే తగ్గించే దారి మేజిస్ట్రేటుకు లేదు. రాష్ట్రాలు కూడా కనీస మొత్తం కంటే తగ్గించకూడదని 2020 జనవరిలో కేంద్రం స్పష్టం చేసింది. 2019లో గుజరాత్ వంటి రాష్ట్రాలు మొత్తాలను తగ్గించడం దానికి కారణమైంది.

సాధారణ నేర న్యాయంలో మాత్రం స్థోమత పాత సూత్రమే. మొత్తం పేర్కొనని చోట జరిమానాకు పరిమితి లేకున్నా అది అతిగా ఉండకూడదని భారత శిక్షాస్మృతి 63వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 8వ సెక్షన్‌లోకి చేరింది. ఆదాంజీ ఉమర్ దలాల్ కేసులో సుప్రీంకోర్టు నేర తీవ్రతతో పాటు నిందితుడి ఆర్థిక స్థితిని కూడా సమంగా చూసి జరిమానా నిర్ణయించాలంది. తమిళనాడు నుంచి వచ్చిన పళనియప్ప గౌండర్ కేసులో 1977లో, హైకోర్టు వేసిన 20,000 రూపాయల జరిమానాను 3,000కు తగ్గించింది. బాధితులకు ఇప్పించే పరిహారాన్ని కూడా నిందితుడు చెల్లించగలిగినంతలో ఉంచాలని 1988లో హరిసింగ్ కేసులో చెప్పింది. ఈ తీర్పులన్నీ నేరస్థుడి సొంత స్థితినే పట్టించుకున్నాయి. వేగ ఉల్లంఘనకు వచ్చేసరికి, కనీస, గరిష్ఠ మొత్తాల మధ్య ఉన్న వెయ్యి రూపాయల జాగాలోనే ఈ సూత్రం పనిచేయాలి.

దీనికి భిన్నంగా, మనోవర్తి కేసుల్లో దంపతుల ఆదాయం వివాదానికి కేంద్రంగా ఉంటుంది. 2020 నవంబరులో రజనేష్–నేహ కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఖర్చులను ప్రమాణపత్రంలో వెల్లడించాలని నిర్దేశించింది. వేగ జరిమానా కేసులో అలాంటి ప్రమాణపత్రం అడిగే పద్ధతి లేదు. అడిగినా దానితో చేయగలిగింది తక్కువ.

యాజమాన్యం ద్వారా వచ్చే బాధ్యత

కెమెరా బండి నంబరును చూస్తుంది. ఈ-చలానా ఆర్‌సీలో ఉన్న యజమాని పేరుకు వెళ్తుంది. ఎలక్ట్రానిక్ నిఘాకు 2019లో చేర్చిన 136ఏ సెక్షన్ ఆధారం. 2021లో చేర్చిన 167ఏ నిబంధన ప్రకారం ఉల్లంఘన జరిగిన పదిహేను రోజుల్లోపు సమాచారం పంపాలి. భర్త నడిపే బైకు భార్య పేరున, కొడుకు నడిపే స్కూటీ తల్లి పేరున, అల్లుడు నడిపే కారు మామ పేరున ఉన్న ఇళ్లలో చలానా ముందు చేరేది నడపనివారి ఫోనుకే. అలాగని యజమాని శిక్ష మోయాల్సిన పని లేదు. నడిపింది ఎవరో అధికారి అడిగినప్పుడు చెప్పడం 133వ సెక్షన్ కింద యజమాని విధి. చెప్పకపోతే 187వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి 2019 తర్వాత ఆరు నెలల దాకా ఖైదు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు. పేరు చెప్పకుండా గుట్టుగా తామే కట్టేసేవారే ఎక్కువ. అలా కట్టినప్పుడు సొమ్ము యజమాని ఆదాయంలోంచే పోతుంది.

మైనరు నడిపితే పరిస్థితి వేరు. 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడిని లేదా యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల దాకా ఖైదు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలల పాటు రిజిస్ట్రేషన్ రద్దు దానికి శిక్షలు. తనకు తెలియకుండా జరిగిందని, నివారించడానికి తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపిస్తే తప్పించుకోవచ్చు. ఇక్కడ కుటుంబ సభ్యులపై చట్టం నేరుగా బాధ్యత పెట్టింది. అయినా 25,000 అన్న అంకె ఆ కుటుంబ ఆదాయాన్ని చూసి పెట్టింది కాదు.

లారీ యజమానికి మరో రకం బాధ్యత ఉంది. తన కింద పనిచేసే డ్రైవరు చేత పరిమితి దాటించి నడిపిస్తే 183(1) కింద యజమానికీ అదే శిక్ష. నిర్ణీత సమయంలో చేరాలని సమయసూచీ ప్రకటించడమో, ఆదేశించడమో చేసి, పరిమితి దాటకుండా అది సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ సమయసూచీనే యజమానిపై ప్రాథమిక సాక్ష్యంగా 183(4) చూస్తుంది. మండీకి తెల్లవారేలోపు సరుకు చేరాలని డ్రైవరును తొందరపెట్టే యజమానికి ఇది వర్తించే అవకాశం ఉంది. భార్య పేరున లారీ కొని భర్త వ్యాపారం నడిపే ఇంట్లో ఎవరు నడిపించారన్నది సాక్ష్యాలతో తేలాల్సిన విషయం. కాగితం మీద పేరు ఒక్కటే దాన్ని తేల్చదు.

చెల్లింపు, వాయిదాలు, జప్తు

జరిమానా వెంటనే కట్టలేనివారికి నాగరిక్ సురక్షా సంహిత 464వ సెక్షన్ (పాత దండ ప్రక్రియా స్మృతిలో 424) వెసులుబాటు ఇస్తుంది. ముప్పై రోజుల్లోపు మొత్తం కట్టమనవచ్చు, లేదా రెండు మూడు వాయిదాలుగా కట్టమనవచ్చు. వాయిదాల మధ్య ముప్పై రోజులకు మించకూడదు. అప్పటిదాకా కోర్టు పూచీకత్తు మీద విడుదల చేయవచ్చు. పూచీకి ముందుకొచ్చేది, వాయిదా సొమ్ము సర్దేది తరచూ భార్యో, తండ్రో అవుతారు. గడువు అడిగేటప్పుడు ఇంటి పరిస్థితి, పిల్లల చదువు, సంపాదించేవారి సంఖ్య చెప్పుకోవడానికి అడ్డంకి లేదు. భాగస్వామి ఆదాయం న్యాయస్థానం ముందు సహజంగా ప్రస్తావనకు వచ్చే సందర్భం ఇదే. అది మొత్తాన్ని మార్చదు, గడువును మార్చగలదు.

అయినా కట్టకపోతే సాధారణ ఖైదు పడవచ్చు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాల్లో 5,000 రూపాయల లోపు జరిమానాకు ఇది రెండు నెలలు మించకూడదని న్యాయ సంహిత చెబుతోంది. శిక్షాస్మృతి నాటి హద్దులు 50, 100 రూపాయల దగ్గర ఉండేవి. ఇతర చట్టాల కింద వేసే జరిమానాలకు కూడా ఈ నియమాలు వర్తిస్తాయని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 25వ సెక్షన్ చెబుతుంది.

వసూలుకు మరో దారి జప్తు. సురక్షా సంహిత 461వ సెక్షన్ (పాత 421) కింద దోషి చరాస్తిని జప్తు చేసి అమ్మవచ్చు. లేదా కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా రాబట్టవచ్చు. చిత్తూరు ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్నప్పటి 1864 నాటి రెవెన్యూ వసూలు చట్టమే ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి వసూళ్లకు ఆధారం. అయితే కలెక్టరుకు కోర్టు పంపే ఈ వసూలు వారంటుతో దోషిని అరెస్టు చేయకూడదు. జప్తు చేయదగినది దోషి సొంత ఆస్తే. భార్య జీతం పడే ఖాతా, ఆమె పేరున ఉన్న పాడి ఆవు, ఆమె నగలు భర్త జరిమానాకు జవాబుదారీ కావు. స్త్రీధనం భార్య సంపూర్ణ ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చింది. హిందూ స్త్రీ తన ఆస్తికి పూర్తి యజమాని అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ అంతకుముందే చెప్పింది. పొరపాటున ఆమె వస్తువు జప్తులోకి వెళ్తే తనదని హక్కు చెప్పుకోవడానికి 461వ సెక్షన్ వీలు కల్పించింది. ఇంట్లోని వస్తువు ఎవరిదో బిల్లులు లేని ఇంట్లో చూపడం కష్టమే. కొన్న రసీదు, డెయిరీ పాస్‌బుక్కు, పొదుపు సంఘం ఖాతా వంటివి అక్కడ సాక్ష్యంగా పనికొస్తాయి. వెయ్యి రూపాయల చలానా కోసం జప్తు దాకా వెళ్లడం అరుదు. లోక్ అదాలత్‌లో పరిష్కారం అంతకంటే సాధారణం.

న్యాయ సహాయం దగ్గర మాత్రం కొన్ని వర్గాల విషయంలో చట్టం భాగస్వామి సంపాదనను పూర్తిగా పక్కన పెట్టింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. భర్త లక్షాధికారి అయినా, చలానా కేసులో నిలబడిన మహిళకు ఈ హక్కు పోదు.

లైసెన్సు అనర్హత

రెండోసారి వేగ పరిమితి దాటినవారి లైసెన్సు మీద చర్య ఉంటుందని పైన చెప్పినది, కుటుంబ ఆదాయం కోణంలో జరిమానా కంటే బరువైనది. జీతానికి కారు నడిపే వ్యక్తికి లైసెన్సు ఆగిపోతే జీతమే ఆగిపోతుంది. అప్పుడు ఇల్లు భాగస్వామి సంపాదన మీద నడవాలి. అదే సంఘటనలో ఉద్యోగికి పోయేది సొంత కారు నడిపే సౌకర్యం మాత్రమే. రూపాయల్లో సమానంగా కనిపించే శిక్ష జీవనోపాధిలో ఎంత తేడా తెస్తుందో ఇది చూపుతుంది.

తెలంగాణ రాయితీలు

పొరుగు రాష్ట్రం తెలంగాణలో పెండింగ్ చలానాలకు రెండుసార్లు ఇచ్చిన రాయితీలు ఈ సందర్భంలో చెప్పుకోదగ్గవి. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులు, తోపుడుబళ్లకు 90 శాతం తగ్గింపు ఇచ్చారు. చిన్న బండివారికి పెద్ద రాయితీ ఇవ్వడంలో స్థోమతకు ఒక ముతక కొలమానం వాడారు. ఇక్కడ కూడా కొలిచింది బండినే. ఇంట్లో ఇద్దరు ఉద్యోగులున్న స్కూటీకి, కూలి కుటుంబం బైకుకు ఒకే రాయితీ వచ్చింది.

ఇతర దేశాల పద్ధతులు

ఆదాయంతో ముడిపెట్టిన జరిమానాను కొన్ని ఐరోపా దేశాలు దశాబ్దాలుగా అమలు చేస్తున్నాయి. ఫిన్లాండ్ 1921లో, స్వీడన్ 1931లో, డెన్మార్క్ 1939లో రోజు లెక్క జరిమానాను తెచ్చాయి. తప్పు తీవ్రత రోజుల సంఖ్యను, నేరస్థుడి ఆదాయం ఒక్కో రోజు విలువను నిర్ణయిస్తాయి. ఫిన్లాండ్‌లో వేగ పరిమితిని గంటకు 20 కిలోమీటర్లకు మించి దాటితే ఈ లెక్క మొదలవుతుంది. అంతకు తక్కువైతే స్థిర చలానా. నెలసరి నికర ఆదాయంలోంచి 255 యూరోలు తీసేసి 60తో భాగిస్తే ఒక రోజు విలువ వస్తుంది. పోషించాల్సిన ఒక్కో మనిషికి 3 యూరోలు తగ్గిస్తారు. నెలకు 3,000 యూరోలు నికరంగా వచ్చే, ఇద్దరిని పోషించే వ్యక్తికి రోజు విలువ సెంట్లు వదిలేస్తే 39 యూరోలు అవుతుంది. 12 రోజుల జరిమానా పడితే 468 యూరోలు. నోకియా ఉన్నతాధికారి అన్సి వాన్యోకికి 2002లో 50 పరిమితి ఉన్న చోట 75 వేగానికి 1,16,000 యూరోల జరిమానా పడింది. 2023లో ఓలాండ్ దీవుల వ్యాపారవేత్త అండర్స్ విక్‌లోఫ్‌కు 1,21,000 యూరోలు పడింది. కుటుంబం ఇక్కడ బాధ్యతగా లెక్కలోకి వచ్చి జరిమానాను తగ్గిస్తుంది.

జర్మనీలో మామూలు వేగ ఉల్లంఘన పరిపాలనాపరమైన తప్పు. దానికి స్థిర పట్టిక ఉంది. క్రిమినల్ కేసుగా మారితే శిక్షాస్మృతి 40వ సెక్షన్ ప్రకారం రోజు నికర ఆదాయం ఆధారం. ఉద్యోగం లేని గృహిణి విషయంలో కోర్టులు ఆమె భర్త సంపాదనలో సగం అని లెక్కవేయవు. ఆమెకు వాస్తవంగా అందే పోషణ, చేతిఖర్చు విలువను చూస్తాయి. స్విట్జర్లాండ్ శిక్షాస్మృతి 34వ అధికరణం కూడా ఆదాయంతో పాటు జీవన స్థాయిని, కుటుంబ పోషణ బాధ్యతలను చూడమంటుంది.

ప్రశ్నకు సూటిగా జవాబు ఇచ్చింది ఇంగ్లండ్, వేల్స్‌ల శిక్షా మార్గదర్శకాలు. అక్కడ చిన్న తప్పులకు 100 పౌండ్ల స్థిర చలానా. కోర్టుకు వెళ్తే వేగం స్థాయిని బట్టి వారపు ఆదాయంలో దాదాపు సగం, మొత్తం, లేదా ఒకటిన్నర రెట్లు జరిమానా ఉంటుంది. గరిష్ఠం 1,000 పౌండ్లు, మోటారువేల మీద 2,500. ఇంట్లో ఒకటికి మించి ఆదాయాలున్నప్పుడు నేరస్థుడి సొంత ఆదాయాన్నే చూడాలన్నది సాధారణ నియమం. ఆ ఆదాయం చాలా తక్కువగా ఉన్నా, అతడు లేదా ఆమె పూర్తిగా ఇంకొకరి సంపాదన మీద ఆధారపడినా, జరిమానా కట్టడానికి ఇంటి ఆదాయం, ఆస్తి ఎంతవరకు అందుబాటులో ఉంటాయో కోర్టు పరిశీలించవచ్చు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో అక్కడికి వెళ్లి, వెంట వెళ్లిన భార్య ఇంకా ఉద్యోగంలో చేరని తెలుగు కుటుంబానికి ఈ మినహాయింపు వర్తించగలదు. ఆమె తన ఆదాయం సున్నా అని ఫారంలో రాసినంత మాత్రాన జరిమానా సున్నా కాదు. అదే దేశంలో 1992 అక్టోబరులో ఆదాయంతో ముడిపడిన యూనిట్ జరిమానాలు పూర్తి స్థాయిలో మొదలై, వచ్చిన మొత్తాల్లోని వింత తేడాలపై విమర్శలతో 1993లోనే రద్దయ్యాయి. ఆదాయాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతి ఎంత జాగ్రత్తగా కూర్చినా నిలబడుతుందన్న హామీ లేదని ఈ అనుభవం చెబుతుంది.

వాదాలు, సాధ్యాసాధ్యాలు

స్థిర జరిమానాను సమర్థించేవారు సరళత, సమానత్వం, అవినీతికి తక్కువ అవకాశం అనే మూడు కారణాలు చూపుతారు. రోడ్డు మీద అధికారి ఆదాయాన్ని బేరీజు వేస్తే బేరానికి తావిచ్చినట్టే. ఆదాయ ఆధారిత పద్ధతిని కోరేవారు శిక్ష నొప్పి అందరికీ సమానంగా తగలాలంటారు. డబ్బున్నవారికి చలానా రోడ్డు రుసుములా మారిపోతుందన్నది వారి అభ్యంతరం. భాగస్వామి ఆదాయాన్ని కలపాలా అన్న దగ్గర ఈ రెండో వర్గంలోనే చీలిక వస్తుంది. కలిపితే చేయని తప్పుకు భార్య లేదా భర్త కట్టినట్టవుతుంది. కలపకపోతే ఆస్తంతా భాగస్వామి పేరున పెట్టిన వ్యక్తి పేదవాడిలా కనిపిస్తాడు.

ఫిన్లాండ్ పద్ధతికి పునాది పన్ను వివరాలు. చిత్తూరు ప్రాంతంలో ఆ పునాది బలహీనం. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. టమాటా ధర వారం వారం మారే రైతుకు, పాడి మీద ఆధారపడిన మహిళకు, సీజన్‌లో మాత్రమే పని దొరికే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కూలీకి నెలసరి నికర ఆదాయం అన్న అంకెను చెప్పడం తేలిక కాదు. పన్ను పత్రాలు చూపగలిగేది జీతగాళ్లు, కొందరు వ్యాపారులు. అందువల్ల ఆదాయాన్ని ఆధారం చేసుకుంటే, చూపగలిగిన ఆదాయం ఉన్నవారిపైనే ఎక్కువ భారం పడుతుంది.

ప్రభుత్వం కుటుంబ ఆదాయాన్ని అసలు లెక్కించలేదని కూడా చెప్పలేం. 2019–20లో ఆంధ్రప్రదేశ్ పెట్టిన బియ్యం కార్డు అర్హతల్లో కుటుంబ నెలసరి ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల లోపు ఉండాలి. భూమి, కరెంటు వినియోగం కూడా చూడాలి. నాలుగు చక్రాల వాహనం ఉంటే అనర్హత. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు. ఇక్కడ యూనిట్ కుటుంబం. భార్య సంపాదన, భర్త సంపాదన ఒకే లెక్కలోకి వస్తాయి, బతుకుతెరువుకు వాడే బండికీ సొంత వాడుక బండికీ తేడా గుర్తిస్తారు. సాయం ఇచ్చేటప్పుడు కుటుంబాన్ని, శిక్ష వేసేటప్పుడు వ్యక్తిని యూనిట్‌గా తీసుకోవడం ప్రస్తుత వ్యవస్థ తీరు. నేర బాధ్యత వ్యక్తిదన్న సూత్రం రెండోదానికి ఆధారం. 183వ సెక్షన్‌లో ఆదాయానికి చోటు కల్పించాలంటే చట్ట సవరణ కావాలి. అప్పుడు కూడా నడిపిన మనిషి ఆదాయాన్ని మూలంగా ఉంచి, అతడిపై లేదా ఆమెపై ఆధారపడినవారిని తగ్గింపుకు, అతడు లేదా ఆమె ఆధారపడిన ఆదాయాన్ని మినహాయింపుకు మాత్రమే చూసే ఇంగ్లండ్, ఫిన్లాండ్ తరహా నియమాలే వ్యక్తిగత బాధ్యత సూత్రంతో పొసగుతాయి.